దొరల పింఛను ఎవరు కట్టారు?

ప్రశ్న: పాత ట్రంకుపెట్టెలో మా తాతగారి నిజాం సర్కారు పింఛను పుస్తకం, అంచులు చెదలు తిని, దొరికింది. అప్పటి నుంచి ఒక సందేహం: 1947లో వెళ్లిపోయిన ఆంగ్లేయ అధికారులకు పింఛను, పరిహారం ఎవరిచ్చారు?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: పింఛను బాధ్యతను భారత ప్రభుత్వం స్వీకరించింది, ఉద్యోగం ముందే ముగిసినందుకు ఇచ్చే పరిహారాన్ని బ్రిటన్ భరించింది. ఈ రెంటినీ విడదీయడానికే ఎంతో చర్చ జరిగింది. స్వదేశంలోనే కొలువు కొనసాగే భారతీయ అధికారులకు పరిహారం ఎందుకని సర్దార్ పటేల్ పట్టుబట్టారు; ఆ వాదన న్యాయమైనదేనని నా అభిప్రాయం. 1947 ఏప్రిల్ 30 ప్రకటనలో పరిహారం ప్రధానంగా ఆంగ్లేయులకే పరిమితమైంది. పింఛను హక్కును భారత స్వాతంత్ర్య చట్టం 10వ సెక్షన్ కాపాడింది. 1948లో మనకు రావలసిన స్టెర్లింగ్ నిల్వల (బ్రిటన్ మనకు బాకీపడి పౌండ్లలో ఉంచిన సొమ్ము) నుంచే 16.8 కోట్ల పౌండ్లు వెచ్చించి, ఆ పింఛన్ల చెల్లింపు కోసం బ్రిటన్ నుంచి వార్షికాలు (ముందే మొత్తం కట్టేస్తే ఏటా తిరిగి చెల్లించే ఏర్పాటు) కొన్నారు. యుద్ధకాలంలో మన జనం కడుపు కట్టుకోగా పోగైన సొమ్ము అది!

కొలువులో కొనసాగిన ఐసీఎస్‌ (బ్రిటిష్ కాలపు ఇండియన్ సివిల్ సర్వీస్) అధికారుల సేవా నిబంధనలకు రాజ్యాంగం 314వ అధికరణం ఇచ్చిన రక్షణను 1972లో 28వ సవరణ తొలగించింది. ఇక మీ తాతగారి పుస్తకం ఈ ఒప్పందాల పరిధిలోకి రాదు. అప్పటి వరంగల్ నిజాం సంస్థానంలోది, అక్కడి ఉద్యోగులకు జీతమిచ్చింది హైదరాబాద్ ఖజానా.