మా నాన్నగారికి పాంక్రియాటైటిస్ (క్లోమం వాపు), జ్వరం, తెల్ల రక్తకణాల కౌంట్ 18,000 ఉన్నా యాంటీబయాటిక్ ఎందుకివ్వట్లేదు?
మీ నాన్నగారికి జ్వరం, కౌంట్ పెరగడం ఇన్ఫెక్షన్ వల్లే అయ్యుండక్కర్లేదండి, మొదటి వారంలో ఎక్కువగా ఇది క్రిముల్లేని వాపే. ఆహారాన్ని అరిగించే ఎంజైములు పాంక్రియాస్ లోపలే యాక్టివేట్ అయి కణాలు దెబ్బతింటే ఆ సిగ్నల్స్‌కి ముందు న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు వచ్చేస్తాయి, తర్వాత మోనోసైట్లు, మాక్రోఫేజ్‌లు అనే ఇతర రక్షణ కణాలు కూడా చేరి సైటోకైన్లు (వాపు పెంచే రసాయనాలు) వదుల్తాయి, అవి రక్తంలో కలిసి ఊపిరితిత్తుల దాకా పోతాయి.

అందుకే కౌంట్ ఒక్కటే చూడకండి, అందరూ మిస్సయ్యేది ఇదే:

1. ఆక్సిజన్, బీపీ, యూరిన్, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) రోజూ అడగండి. వీటిల్లో కనపడే అవయవాల ఫెయిల్యూర్ 48 గంటలు దాటినా తగ్గకపోతే సివియర్ కిందే లెక్క.
2. సీఆర్‌పీ (వాపు ఎంతుందో చూపే రక్తపరీక్ష) రెండో రోజు తర్వాత చూస్తేనే ఉపయోగం, లీటరుకి 150 మిల్లీగ్రాములు దాటితే జాగ్రత్త.
3. వారం పది రోజులకి మళ్ళీ జ్వరమొస్తే ఇన్ఫెక్షన్ అనుమానించాలి, యాంటీబయాటిక్ అప్పుడు. పిత్తనాళంలో ఇన్ఫెక్షన్ ఉంటే మాత్రం ఇప్పుడే కావాలి, అది డాక్టర్‌ని అడగండి.