నెరోకీ నీరుకీ చుట్టరికం ఉందా?

ప్రశ్న: గ్రీకు భాషలో నీళ్ళని ‘నెరో’ అంటారట. మన ‘నీరు’ అక్కడికి వెళ్ళిందా, వాళ్ళ మాట ఇక్కడికి వచ్చిందా? మా ఫ్యామిలీ గ్రూపులో రెండు రోజులుగా ఇదే గొడవ. మీరే తీర్పు చెప్పాలి.

జవాబు: వెళ్ళనూ లేదు, రానూ లేదు. రెండు పక్షాలూ ఓడిపోయాయి కాబట్టి ఇక గొడవ ఆపేయొచ్చు.

గ్రీకులో నీళ్ళకి పాత మాట ‘హ్యూదోర్’. తాజా నీళ్ళని ‘నెఅరోన్ హ్యూదోర్’ అనేవారు. ‘నెఅరోస్’ అంటే కొత్తది, తాజాది. వాడగా వాడగా వెనక ఉన్న ‘హ్యూదోర్’ రాలిపోయింది. ముందున్నది అరిగి ‘నెరో’ అయి, అన్ని రకాల నీళ్ళకీ పేరైపోయింది. ‘సెల్ ఫోన్’లో ఫోన్ ఊడిపోయి మనకి ‘సెల్’ మిగిలినట్టే. అంటే ‘నెరో’ అన్న మాటలో అసలు నీళ్ళే లేవు, ఉన్నది తాజాదనం.

మన ‘నీరు’ ద్రావిడ మాట. తమిళ, మలయాళాల్లో ‘నీర్’, కన్నడంలో ‘నీరు’. సంస్కృతంలో కనిపించే ‘నీరం’ కూడా ద్రావిడ భాషల నుంచి తీసుకున్నదేనని చాలామంది భాషావేత్తల అభిప్రాయం.

అయితే మీ గ్రూపులో పెట్టడానికి ఇంకో సంగతి చెబుతాను. గ్రీకు నీళ్ళకి మనం వాడే మాటల్లో చుట్టాలు లేకపోలేదు. పాత ‘హ్యూదోర్’కీ సంస్కృత ‘ఉదకా’నికీ మూలం ఒకటే, ఇంగ్లీషు ‘వాటర్’ కూడా ఆ ఇంటిదే. ఇక ‘నెరో’లోని కొత్తదనం ఉంది చూశారూ, దాని చుట్టం మన ‘నవవధువు’లోని ‘నవ’, ఇంగ్లీషు ‘న్యూ’. ఇన్నాళ్ళూ మీరు నెరోని తప్పు గుమ్మం దగ్గర నిలబెట్టి తలుపు కొట్టించారు.

ప్రశ్న: తమిళంలో ఎనిమిదిని ‘ఎట్టు’ అంటారు, ఇంగ్లీషులో ‘ఎయిట్’. శబ్దమూ ఒకటే, అర్థమూ ఒకటే. ఇది కూడా కాకతాళీయమే అంటే నాకు నమ్మబుద్ధి కావడం లేదు. (రిటైరైన లెక్కల మాస్టారు)

జవాబు: మాస్టారూ, ఈ విషయంలో లెక్కలే మీ పక్షాన లేవు. లోకంలో సుమారు 7,000 భాషలున్నాయి. ఒక్కో భాష కొన్ని పదుల ధ్వనులతోనే వేలకి వేలు మాటలు తయారుచేసుకుంటుంది. అలాంటప్పుడు చిన్నచిన్న మాటలు ఎక్కడో ఒకచోట ఢీకొనకపోతేనే ఆశ్చర్యపోవాలి.

‘ఎయిట్’ స్పెల్లింగ్ ఒకసారి రాసి చూడండి. మధ్యలో పలకని ‘జీ, హెచ్’ ఉన్నాయి. అవి ఊరికే లేవు. ఒకప్పుడు అక్కడ గొంతు గరగరలాడించే హల్లు ఒకటి పలికేవారు. జర్మన్ ‘అఖ్ట్’లో అది ఇప్పటికీ వినిపిస్తుంది. లాటిన్‌లో ‘ఓక్తో’, సంస్కృతంలో ‘అష్ట’. ఇటు ‘ఎట్టు’ని తీసుకుంటే కన్నడంలో ‘ఎంటు’, మనకి ‘ఎనిమిది’. వీటన్నిటి లోపల ఉన్నది ‘ఎణ్’. నిజంగా చుట్టాలైతే వెనక్కి వెళ్ళేకొద్దీ దగ్గరవ్వాలి. ఇవి వెనక్కి వెళ్ళేకొద్దీ ఎడం జరుగుతున్నాయి.

అందుకే మాటలు ఒకేలా ఉన్నాయంటే నేను పెద్దగా ఉత్సాహపడను. పద్ధతిగా తేడా పడుతున్నాయంటే మాత్రం కుర్చీ ముందుకి జరుపుకుంటాను. మన పులి కన్నడంలో ‘హులి’. పాము ‘హావు’, పువ్వు ‘హూవు’, పది ‘హత్తు’. మనకి ‘ప’ ఉన్నచోట వాళ్ళకి వరసగా ‘హ’ వస్తోంది. పాత కన్నడంలో ఇవీ ‘ప’తోనే ఉండేవి. ఒక్క మాట కలిస్తే అదృష్టం అనుకోవచ్చు, వరసంతా ఒకే రకంగా తేడా పడితే అది అదృష్టం కాదు.

మీ ‘ఎట్టు’ని మించినది ఇంకొకటుంది. ఆస్ట్రేలియాలో మ్బబరం అనే ఆదివాసి భాష ఉండేది. ఆర్. ఎం. డబ్ల్యూ. డిక్సన్ అనే భాషావేత్త ఆ భాష మిగిలి ఉన్న పెద్దాయన దగ్గర కూర్చుని, కుక్కని ఏమంటారని అడిగితే ‘డాగ్’ అన్నాడట. పెద్దాయన పొరపాటున ఇంగ్లీషు మాట చెప్పాడేమో అనుకోవడం సహజం. కానీ అది అచ్చమైన మ్బబరం మాటే. చుట్టుపక్కల భాషల్లో కుక్కని ‘గుడగ’ అంటారు. మ్బబరంలో మాటల మొదటి అక్షరం రాలిపోయి, అచ్చులు మారిపోయి, చివరికి ‘డాగ్’లా తేలింది. ఇంగ్లీషుకీ దానికీ ఏ సంబంధమూ లేదు.

ప్రశ్న: తమిళం మాట్లాడే కొలీగ్ ‘అవసరం’ అని మెసేజ్ పెట్టింది. ఏం కావాలని తీరిగ్గా అడిగాను. అర్జంట్ అని ఆవిడ ఉద్దేశమట! సంస్కృతం నుంచి వచ్చిన మాటలకైనా అన్ని భాషల్లో ఒకే అర్థం ఉండదా?

జవాబు: ఉండదమ్మా. అసలు ప్రమాదం అక్కడే. తెలియని మాటైతే నిఘంటువు తీస్తాం. తెలిసినట్టున్న మాటకి ఎవరు తీస్తారు?

సంస్కృతంలో ‘అవసర’ అంటే సందర్భం, తగిన సమయం. హిందీ ‘అవసర్’ ఆ దారినే పోయి అవకాశం అయింది. సమయం వచ్చేసింది, ఇక ఆగకూడదు అన్న వైపు తమిళ, కన్నడాలు వెళ్ళాయి. వాళ్ళకి అవసరం అంటే తొందర. సందర్భం వస్తే ఏదో ఒకటి కావాల్సి వస్తుంది కదా, మనం ఆ వైపు వచ్చాం. ‘శిక్ష’ హిందీలో చదువు, మనకి దండన. (చదువూ దండనా ఒకటేనని మా తరం వాళ్ళకి విడిగా చెప్పక్కర్లేదు.) ‘ఆలోచన’ హిందీలో విమర్శ, బెంగాలీలో చర్చ. ‘సంసారం’ మలయాళంలో మాట్లాడటం.

నా పరువు తీసింది మాత్రం ‘ఉపన్యాసం’. ఒక పత్రికలో ప్రూఫ్‌రీడర్‌గా ఉన్న రోజుల్లో, హిందీ వచ్చు కదా అని నాకో రచయిత పరిచయ వ్యాసం అనువాదానికి ఇచ్చారు. ‘ఆయన పన్నెండు ఉపన్యాసాలు రాశారు’ అని ధీమాగా రాసి పంపాను, అచ్చయింది కూడా. హిందీలో, బెంగాలీలో ఉపన్యాస్ అంటే నవల. పన్నెండు నవలల మనిషిని వక్తని చేసి కూర్చోబెట్టాను. ఉపన్యాసాలు ‘ఇస్తారు’ గానీ ‘రాశారు’ ఏమిటని నాకే అనుమానం రావాల్సింది, రాలేదు. తర్వాతి సంచికలో సవరణ కూడా నా చేతే రాయించారు.

ప్రశ్న: జర్మన్ భాషలో ‘గిఫ్ట్’ అంటే విషమట. నిజమా, జోకా?

జవాబు: నిజమే. పైగా ఇంగ్లీషు గిఫ్ట్‌కి సొంత తోబుట్టువు. రెండింటికీ మూలం ‘ఇవ్వడం’. గ్రీకులో ‘దోసిస్’ అంటే ఇచ్చినది, మందు మోతాదు (‘డోసు’ అదే). దాన్ని చూసి జర్మన్లు తమ ‘ఇచ్చినది’ని కూడా ఆ అర్థంలో వాడి, క్రమంగా విషం దగ్గర తేలారు. మరీ నవ్వకండి. రోగం తగ్గించేదీ మందే, పురుగుల్ని చంపేదీ మందే, తుపాకీలో కూరేదీ మందే అని వాళ్ళకి చెబితే మనల్ని చూసి నవ్వుతారు.

ప్రశ్న: ‘ఏసీ చాలు చెయ్’ అంటే ఆపేశాను. ఆన్ చెయ్యమని అర్థమట. తప్పు నాదేనా?

జవాబు: ఎవరిదీ కాదు. మీ చెవికి వినిపించిన ‘చాలు’ తెలుగు, ఆయన నోట వచ్చింది హిందీ ‘చాలూ’. ‘చల్‌నా’ నుంచి పుట్టింది, నడుస్తున్నది అని అర్థం. ఈసారి ‘ఆన్’ అనమనండి, చెమట పట్టకుండా బయటపడతారు.

ప్రశ్న: ‘ఏడు’ అంటే సంఖ్యా, సంవత్సరమూ కూడా. ఒకదాని నుంచి ఇంకొకటి వచ్చిందా?

జవాబు: లేదు. సంఖ్యకి తమిళంలో ‘ఏళు’, సంవత్సరానికి ‘ఆండు’. అక్కడ విడివిడిగా ఉన్నవి మన దగ్గరికొచ్చేసరికి ఒకటై కూర్చున్నాయి. పాత నిఘంటువు ఏదైనా తెరవండి. సంఖ్య ‘ఏడు’ అనే ఉంటుంది, సంవత్సరం మాత్రం ‘ఏఁడు’ అని అరసున్నతో ఉంటుంది. ‘ఆండు’లోని సున్న మన నోట్లోంచి పోయినా రాతలో వదిలిన ఆనవాలు అది. ప్రూఫులు దిద్దేటప్పుడు ఆ అరసున్నల మీద నాకు చచ్చేంత విసుగుండేది. ఎప్పుడూ ఎక్కడో ఒకటి తప్పిపోయేది. ఇప్పుడు అచ్చులో అవి కనబడక, మీలాంటి వాళ్ళ ప్రశ్న వచ్చినప్పుడల్లా లేచి అటక మీంచి పాత నిఘంటువు దింపుకోవాల్సి వస్తోంది.