సెన్సార్ వైరు ఒరిసిపోతే రేడియేటర్ మార్చారు... డబ్బు తిరిగి వస్తుందా?

ప్రశ్న: నా కారు కొని నాలుగేళ్లయింది, వారంటీ ముగిసింది. ఉదయం తాళం తిప్పగానే, ఇంజిన్ స్టార్ట్ కాకముందే టెంపరేచర్ హెచ్చరిక దీపం వెలిగేది. హైదరాబాద్‌లోని అధీకృత సర్వీస్ సెంటర్ వారు థర్మోస్టాట్, వాటర్ పంపు, రేడియేటర్ మార్చి రూ.46,000 తీసుకున్నారు. వారం తిరక్కుండానే దీపం మళ్లీ వెలిగింది. మా ఊరి ఆటో ఎలక్ట్రీషియన్ చూసి, ఇంజిన్ వేడిని కొలిచే సెన్సార్ వైరు ఒక బ్రాకెట్‌కు ఒరుసుకుని పైతొడుగు పోయిందని చెప్పి, రూ.700కు బాగుచేశారు. నేను కట్టిన సొమ్ము రాబట్టుకోవచ్చా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: రాబట్టుకోవచ్చు. వారంటీ ముగియడం మీకు అడ్డంకి కాదు. మీ ఫిర్యాదు కారు తయారీలోని లోపం గురించి కాదు, డబ్బు తీసుకుని చేసిన మరమ్మతు గురించి. అలాంటి పనిలో కనబరచవలసిన ప్రమాణం లోపించినా, నిర్లక్ష్యం జరిగినా అది వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 2(11) ప్రకారం సేవాలోపం అవుతుంది. అయితే మెకానిక్ అంచనా తప్పినంత మాత్రాన సేవాలోపం రుజువైపోదు. దాన్ని నిరూపించవలసిన భారం ఫిర్యాదుదారుపైనే ఉంటుందని సుప్రీంకోర్టు 2021లో స్పష్టం చేసింది. కాబట్టి మామూలుగా చేయవలసిన తనిఖీ కూడా చేయకుండానే విడిభాగాలు మార్చారని మీరు చూపించాలి.

అందుకు ముఖ్యమైన ఆధారం వారి దగ్గరే ఉంటుంది. జాబ్ కార్డుతో పాటు, కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్‌లను చదివే స్కానర్ రిపోర్టు నకలును రాతపూర్వకంగా అడగండి. ఈ సెన్సార్ వేడెక్కే కొద్దీ దాని విద్యుత్ నిరోధం తగ్గుతుంది. అందువల్ల ఒరిసిన వైరు ఇంజిన్ లోహానికి తగిలి ఆ నిరోధం దాదాపు లేనట్టు కనిపిస్తే, ఇంజిన్ విపరీతంగా కాగిపోయిందని కంప్యూటర్ పొరబడుతుంది. రిపోర్టులో పి0117 అనే కోడ్ ఉంటే, సెన్సార్ సర్క్యూట్ నుంచి రావలసిన దానికన్నా తక్కువ ఓల్టేజి వస్తోందని అర్థం. రాత్రంతా నిలిపి ఉంచిన బండిలో తాళం తిప్పగానే దీపం వెలగడమూ అటువైపే వేలు చూపుతుంది, ఎందుకంటే చల్లగా ఉన్న ఇంజిన్, రేడియేటర్ చెడిపోయినా సరే, స్టార్ట్ కాకముందే వేడెక్కదు. సెన్సార్ కనెక్టర్ ఊడదీసినా స్కానర్‌లో అదే వేడి చూపిస్తే, తప్పు సెన్సార్‌ది కాదు, ప్రధానంగా వైరింగ్‌ది. కొన్ని నిమిషాల ఈ పరీక్షను ఎందుకు చేయలేదో వారే సంజాయిషీ చెప్పుకోవాలి.

వైరును ఎలుక కొరికిందనో, మరమ్మతు తర్వాతే అది తెగిందనో వారు వాదించవచ్చు. ఎలుక పని అయినా తనిఖీ చేయని తప్పు మాసిపోదు గానీ, మరమ్మతు తర్వాతే తెగిందన్న వాదన ప్రమాదకరం. ఎలక్ట్రీషియన్ కత్తిరించిన వైరు ముక్కను పారేయకండి. ఆయన చూసినదంతా తేదీతో సహా ప్రమాణపత్రంగా (అఫిడవిట్) రాయించండి. ఫోన్‌లో ఫోటోలుంటే, వాటిని సాక్ష్యంగా చూపేందుకు భారతీయ సాక్ష్య అధినియమ్, 2023 సెక్షన్ 63 కోరే ధ్రువపత్రం జతచేయండి. మార్చిన పాత విడిభాగాలను కూడా అడగండి. వాటర్ పంపు నిజంగానే కారుతూ ఉండి ఉంటే, ఆ మేరకు మీకు వచ్చే సొమ్ము తగ్గవచ్చు. ఎస్టిమేట్ మీద సంతకం చేశారు కదా అన్న వాదనకు పెద్దగా బలం లేదు. వారు చెప్పిన కారణాన్ని నమ్మి చేసిన సంతకం అది.

ముందుగా పదిహేను రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. స్పందన లేకపోతే, మరమ్మతు హైదరాబాద్‌లో జరిగినా, వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 34 ప్రకారం మీరు నివసించే ఖమ్మం జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపే గనుక ఫీజు ఉండదు, గడువు రెండేళ్లు. న్యాయవాది లేకుండా మీరే వాదించుకోవచ్చు. కార్ల కంపెనీని ప్రతివాదిగా చేర్చాలని చాలామంది ఉబలాటపడతారు. డీలర్ సొంత పనిలోని తప్పుకు కంపెనీ ప్రమేయం చూపలేకపోతే దాన్ని చేర్చడం వల్ల జాప్యమే మిగులుతుంది. ఆ బ్రాకెట్ దగ్గర వైరును అలా బిగించింది ఫ్యాక్టరీలోనేనని తేలితే మాత్రం ఆలోచించవచ్చు. రూ.46,000, ఎలక్ట్రీషియన్‌కు ఇచ్చిన రూ.700, కారు లేని రోజుల్లో అయిన ప్రయాణ ఖర్చులను రసీదులతో అడగండి. మానసిక వేదన కింద లక్షలు కోరడం కన్నా సహేతుకమైన మొత్తం కోరడమే మేలు.