మన పంట వ్యర్థాలన్నిటినీ విమాన ఇంధనంగా మార్చుకోవచ్చా?

కుదరదు, వాటిలో మిగులు మాత్రమే లెక్కలోకి వస్తుంది. దేశంలో ఏటా సుమారు 75 కోట్ల టన్నుల బయోమాస్ (పంట వ్యర్థాల వంటి జీవ పదార్థం) ఉంటుందని కేంద్రం అంచనా. మేతకు, వంటచెరకుకు, ఇతర అవసరాలకు పోగా మిగిలేది దాదాపు 23 కోట్ల టన్నులు. అదీ ఊరూరా చెల్లాచెదురుగా, కోతలయ్యాక కొద్ది వారాలే దొరుకుతుంది. కట్టలు కట్టి, తడవకుండా దాచి, లారీల్లో తోలడమే అసలు తలనొప్పి.

హరియాణాలోని పానిపట్ ఇథనాల్ ప్లాంటునే చూడండి. ఏటా 2 లక్షల టన్నుల వరిగడ్డి నుంచి 3 కోట్ల లీటర్ల ఇథనాల్ తీసేలా కట్టారు. ఆ ఇథనాల్‌ను విమాన ఇంధనంగా మారిస్తే 2 కోట్ల లీటర్లు కూడా రావు. అంటే పది టన్నుల గడ్డికి టన్ను ఇంధనం దక్కదన్నమాట!

పంజాబ్‌లో తగలబెడుతున్నారు కాబట్టి గడ్డి ఎక్కడైనా ఉచితమేనని చాలామంది అనుకుంటారు. కానీ పాడి ఉన్న చోట అది డబ్బు పెట్టి కొనే మేత.