155 కొడితే 15 దగ్గరే ఆగిపోతోందా? డీటీహెచ్ బాక్సుకి లెర్నింగ్ రిమోట్ నేర్పడం గురించి

మీ సమస్య నాకు అర్థమైనంతవరకు ఇదీ. మన విశాఖపట్నం అక్కయ్యపాలెంలో ఉంటున్న మీ అత్తయ్యగారు టీవీ రిమోట్‌తోనూ డీటీహెచ్ బాక్సు రిమోట్‌తోనూ తికమకపడుతున్నారని ఒక లెర్నింగ్ రిమోట్, అంటే వేరే రిమోట్ల సంకేతాలు చూసి నేర్చుకుని తానే పంపే రిమోట్, కొన్నారు. రెండిట్లోంచి కావలసిన బటన్లు దానికి నేర్పారు. మెనూ, ఓకే, బాణాలు పనిచేస్తున్నాయి. వాల్యూమ్ నేర్పినప్పుడు లైటు వెలిగింది గానీ టీవీ పలకడం లేదు. ఛానల్ నంబరు 155 కొడితే తెర మీద 15 మాత్రమే పడుతోంది. పీసే బాగోలేదని వాపసు ఇచ్చేద్దామనుకుంటున్నారు.

తొందరపడకండి. మా నాన్నగారి కోసం ఎం.వి.పి. కాలనీ ఇంట్లో ఇదే పని చేసినప్పుడు ఈ రెండు తలనొప్పులూ నాకూ వచ్చాయి. రెండిటికీ కారణాలు వేరు, రెండిట్లోనూ రిమోట్ తప్పేమీ లేదు.

ముందు వాల్యూమ్ సంగతి. చాలా టీవీల రిమోట్లు, చాలా ఫ్రీ డిష్ బాక్సుల రిమోట్లు ఎన్ఈసీ అనే పద్ధతిలో సంకేతం పంపుతాయి. బటన్ నొక్కగానే పూర్తి కోడ్ ఒక్కసారి వెళ్తుంది. వేలు తియ్యకపోతే ఆ తర్వాత సుమారు 108 మిల్లీసెకన్లకోసారి "ఇందాకటిదే" అని చెప్పే పొట్టి సంకేతం వెళ్తూ ఉంటుంది. అది ఏ బటనో అందులో ఉండదు. వాల్యూమ్‌ని నొక్కి పట్టుకోవడం మనందరికీ అలవాటు కదా. అలా నొక్కి పట్టుకుని పాత రిమోట్‌ని లెర్నింగ్ రిమోట్‌కి ఎదురుగా తెచ్చినా, అది సిద్ధమయ్యేలోపే నొక్కేసినా దానికి దొరికేది ఆ పొట్టి సంకేతమే. ఏదో ఒకటి అందింది కాబట్టి లైటు వెలుగుతుంది. టీవీకి మాత్రం ఏమీ అర్థం కాదు.

అందుకని వరస తప్పకండి. ముందు లెర్నింగ్ రిమోట్‌లో సెట్ బటన్‌తో నేర్చుకునే మోడ్‌లోకి వెళ్ళి, ఏ బటన్‌కి నేర్పాలో అది నొక్కండి. లైటు ఎదురుచూస్తున్నట్టు నిలకడగా వెలిగాక, అప్పుడు పాత రిమోట్ మీద వాల్యూమ్ నొక్కండి. టక్కున నొక్కి వదిలెయ్యాలా, లైటు మినుకుమనేదాకా పట్టుకోవాలా అన్నది రిమోట్‌ని బట్టి మారుతుంది, దానితో వచ్చిన కాగితంలో ఉంటుంది. కాగితం పోతే మొదట టక్కున నొక్కి చూడండి.

నేర్పేటప్పుడు రెండు రిమోట్లనీ చేత్తో పట్టుకోకుండా బల్ల మీద ముక్కు ముక్కు ఎదురుగా, రెండు వేళ్ళ వెడల్పు ఎడంతో పెట్టండి. ఒకటి లావుగా, ఒకటి పల్చగా ఉంటే పల్చటి దాని కింద మడిచిన పేపరు పెట్టి రెండిటి ఎల్ఈడీలూ (ముక్కు దగ్గరుండే చిన్న బల్బులు) ఒకే ఎత్తుకి వచ్చేలా చూడండి. మనిళ్ళలో కొన్న రోజే రిమోట్‌కి ప్లాస్టిక్ తొడుగు తొడిగేస్తాం, ఏడాది తిరిగేసరికి ఎల్ఈడీ దగ్గర అది పచ్చబడి మసకేసి ఉంటుంది. అది తీసేసి నేర్పండి. కొన్ని లెర్నింగ్ రిమోట్లకి సంకేతం అందుకునే కన్ను ముందు కాకుండా తోక వైపు ఉంటుంది, అదీ చూసుకోండి. కిటికీలోంచి ఎండ నేరుగా పడే చోటా, సీఎఫ్ఎల్ బల్బు కిందా వద్దు. రిమోట్ సంకేతం సెకనుకి 36 వేల నుంచి 40 వేల సార్లు వెలిగి ఆరే కంటికి కనపడని వెలుతురు. సీఎఫ్ఎల్ నుంచి అలాంటి గోల వస్తే అదీ కలిసి రికార్డవుతుంది. పాత రిమోట్లలో కొత్త సెల్స్ వేసి మొదలుపెట్టండి.

ఇక 155. మీ బాక్సు రిమోట్ ఫిలిప్స్ వాళ్ళ ఆర్‌సీ5 గానీ ఆర్‌సీ6 గానీ, ఆ తరహా పద్ధతి గానీ వాడుతున్నట్టుంది. ఆ పద్ధతుల్లో సంకేతంతో పాటు టాగుల్ బిట్ అని సున్నా గానీ ఒకటి గానీ ఉండే చిన్న గుర్తు వెళ్తుంది. బటన్ కొత్తగా నొక్కిన ప్రతిసారీ అది సున్నా నుంచి ఒకటికి, ఒకటి నుంచి సున్నాకి మారుతుంది. వేలు తియ్యకుండా పట్టుకుంటే మారదు. రెండుసార్లు నొక్కారా, ఒకటే సారి నొక్కి పట్టుకున్నారా అని బాక్సు తేల్చుకునేది దాన్ని చూసే. లెర్నింగ్ రిమోట్ మీరు నొక్కిన ఆ ఒక్క నొక్కుడునే ఉన్నదున్నట్టు దాచుకుంది, బిట్‌తో సహా. అందుకే రెండో 5 కొట్టినా బాక్సు దృష్టిలో మీరింకా మొదటి 5 మీదినుంచి వేలు తియ్యలేదు. 156 కొట్టి చూడండి. అది సరిగ్గా పడి, 155, 122 లాంటివి పడకపోతే ఇదే కారణం. ఛానల్ ప్లస్ వరసగా నొక్కితే నత్తనడక నడవడం కూడా దీని లక్షణమే.

ఎన్నిసార్లు మళ్ళీ నేర్పినా ఇది పోదు. మందు ఒకటే: లెర్నింగ్ రిమోట్‌లో కంపెనీల వారీగా ముందే నింపిన కోడ్‌లు ఉంటే బాక్సుకి వాటిని వాడండి. కోడ్ పెడితే రిమోట్ సంకేతాన్ని తానే తయారుచేస్తుంది, బిట్‌నీ తానే మారుస్తుంది. కాగితంలో డీటీహెచ్ కంపెనీ పేరు కనపడకపోతే బాక్సు తిప్పి వెనక స్టిక్కర్ చూడండి. ముందు కంపెనీ బొమ్మ ఉన్నా, తయారుచేసినవాళ్ళ పేరు వేరే ఉండొచ్చు. ఆ పేరుతో వెతికితే దొరికే అవకాశం ఎక్కువ. కోడ్ పెట్టాకే మిగతావి నేర్పండి. కొన్ని రిమోట్లలో కోడ్ మారిస్తే నేర్పినవి చెరిగిపోతాయి. కోడ్ దొరక్కపోతే అత్తయ్యగారు చూసే ఛానళ్ళని బాక్సులో ఫేవరెట్లలో పెట్టి, ఆ ఫేవరెట్ బటన్, ఛానల్ ప్లస్ మైనస్ నేర్పితే చాలు. నేనైతే మా ఇంట్లో ఈ దారి పట్టలేకపోయాను. మా నాన్నగారికి మనవల పేర్లు తారుమారవుతాయి గానీ ఛానల్ నంబరు ఒక్కటీ తప్పు పోదు.

అన్నట్టు, బాక్సు కొత్త ఆండ్రాయిడ్ రకమై, రిమోట్‌లో మైకు బటన్ ఉంటే అందులో చాలా బటన్లు బ్లూటూత్ మీద నడుస్తాయి. వాటిని ఏ లెర్నింగ్ రిమోటూ నేర్చుకోలేదు. తెలుసుకోవడం సులువు: ఫోన్ సెల్ఫీ కెమెరా తెరిచి, రిమోట్ ముక్కు దానివైపు తిప్పి బటన్ నొక్కండి. ఊదారంగు మెరుపు కనిపిస్తే నేర్పొచ్చు. ముందు పనిచేస్తుందని తెలిసిన రిమోట్‌తో ఒకసారి చూసుకోండి, కొన్ని కెమెరాలకి ఆ వెలుతురు కనపడదు.

ఒకే బటన్‌తో టీవీ, బాక్సు రెండూ ఆన్ అయ్యేలా పెట్టే సదుపాయం మీ రిమోట్‌లో ఉన్నా వద్దనే అంటాను. ఆన్‌కీ ఆఫ్‌కీ ఒకే కోడ్ ఉండేవే ఎక్కువ. కరెంటు పోయి వచ్చాక బాక్సు తనంతట తాను ఆన్ అయి టీవీ నిద్రలోనే ఉంటే, ఆ బటన్ నొక్కగానే టీవీ ఆన్, బాక్సు ఆఫ్. గాలివాన కాలంలో మన ఊళ్ళో రోజుకెన్నిసార్లు కరెంటు పోతుందో మీకు చెప్పక్కర్లేదు. పవర్ బటన్లు రెండూ విడివిడిగా ఉంచండి. వాల్యూమ్ టీవీది మాత్రమే నేర్పి, బాక్సు వాల్యూమ్ ఫుల్‌లో వదిలెయ్యండి. టీవీకి బొమ్మ ఎక్కణ్ణుంచి రావాలో మార్చే సోర్స్ బటన్ మాత్రం అసలు నేర్పకండి. పెద్దవాళ్ళు "టీవీ రావట్లేదు" అని ఫోన్ చేసినప్పుడు తెర మీద నో సిగ్నల్ అని తిరుగుతుంటే, సగం సార్లు డిష్‌కి ఏమీ అయ్యుండదు, చెయ్యి సోర్స్ మీద పడి ఉంటుంది.

బటన్లన్నీ నేర్పేముందు ఒక్కటే నేర్పి, సెల్స్ తీసేసి పది నిమిషాలాగి మళ్ళీ వేసి చూడండి. చవక రిమోట్లలో కొన్ని సెల్స్ తియ్యగానే అంతా మర్చిపోతాయి, అలాంటిదైతే నిజంగానే వాపసు ఇచ్చెయ్యండి. సముద్రపు గాలికి సెల్స్ స్ప్రింగులకి చిలుం పట్టడం ఇక్కడ మామూలే. లాసన్స్ బే కాలనీలో మా పిన్నిగారింట్లో రిమోట్ చచ్చిపోయిందనుకున్నారు, మూత తీస్తే స్ప్రింగు మీద ఆకుపచ్చ పొడి. పెన్సిల్ రబ్బరుతో రుద్ది, స్పిరిట్ దూదితో తుడిస్తే లేచి కూర్చుంది.

అసలు రిమోట్లు రెండూ సెల్స్ తీసి బీరువాలో పెట్టండి, పారెయ్యకండి. మళ్ళీ నేర్పాల్సి వస్తే అవే దిక్కు. 156 పడిందో లేదో, బాక్సు వెనక స్టిక్కర్ మీద ఏ పేరుందో చెప్పండి, కోడ్ వెతికిపెడతాను.