స్త్రీల కోసం రెండు రోజుల బైబిల్ స్టడీ: ఒక చిన్న పుస్తకం తీసుకోండి, వాళ్లచేతే చదివించండి

వందనాలు సిస్టర్. తిరుపతిలో మీ సంఘం స్త్రీలకు మొదటిసారి శని, ఆదివారాల్లో బైబిల్ స్టడీ పెడుతున్నామని, ముప్పై మంది దాకా రావచ్చని రాశారు. ఏ అంశం తీసుకోవాలి, ప్రసంగాలకు ఎవరిని పిలవాలి అని అడిగారు. మాది చిత్తూరు. మా సంఘంలో స్త్రీల సమాజం పనులు చాలా ఏళ్లుగా చూస్తున్నాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

ప్రసంగాలకు ఎవరినీ పిలవొద్దనే నేనంటాను. మన ఆడవాళ్లు వాక్యం వినడానికి తక్కువేమీ లేదు. ఆదివారం ఆరాధనలో వింటారు, ఉపవాస ప్రార్థనలో వింటారు, వంట చేసుకుంటూ ఫోన్లో వింటారు. బైబిల్ ఒళ్లో పెట్టుకుని ఒక పుస్తకం మొదటి నుంచి చివరిదాకా చదివే తీరిక మాత్రం ఇంట్లో దొరకదు. ఈ రెండు రోజులూ ఆ తీరిక ఇవ్వండి. పేరున్న ప్రసంగీకురాలిని పిలిస్తే ఫ్లెక్సీ, శాలువా, కారు ఏర్పాట్లతోనే మీ ఓపికంతా అయిపోతుంది.

మొదటిసారి కాబట్టి రూతు గ్రంథం తీసుకోండి. నాలుగే అధ్యాయాలు, 85 వచనాలు. గట్టిగా చదివినా ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. శనివారం పొద్దున ఒక పాట, ప్రార్థన అయ్యాక ఏ వివరణా చెప్పకుండా మొత్తం చదివించండి, ఒక్కొక్కరు కొన్ని వచనాల చొప్పున. ఈ కథ తెలుసనే అందరూ అనుకుంటారు. తీరా చూస్తే చాలామందికి గుర్తున్నది మొదటి అధ్యాయంలో రూతు అత్తతో అన్న మాటలే. చదవడం అయ్యాక ఆరేడు మంది చొప్పున గుంపులుగా కూర్చోబెట్టి అధ్యాయానికి గంట ఇవ్వండి. శనివారం రెండు అధ్యాయాలు, ఆదివారం ఆరాధన, భోజనం అయ్యాక మిగతా రెండు. ఇక్కడ ఏం జరిగింది, దేవుని గురించి ఏం తెలిసింది, మన ఇంట్లో, మన వీధిలో దీన్ని బట్టి ఏం చేయాలి? ఈ ప్రశ్నలు చాలు. గుంపు లీడరు ఎక్కువ మాట్లాడకూడదని ముందే గట్టిగా చెప్పండి.

మా దగ్గర రెండో అధ్యాయం నడుస్తున్నప్పుడు జరిగింది చెబుతాను. ఒక గుంపులో చదువు రాని పెద్దావిడ ఉంది, పక్కనామె చదువుతుంటే వింటోంది. రూతు బోయజు అనే ఆసామి పొలంలో పరిగె, అంటే కోత తర్వాత చేలో రాలి మిగిలింది, ఏరుకునే చోటికి రాగానే ఆపమంది. "చెనక్కాయలు పీకినాంక మేమూ పరిగెకు పోయేవాళ్లం. చేతులు మట్టిలో ఉన్నా కండ్లు మాత్రం గెనిమ (గట్టు) మీదనే. చేను గలాయన వస్తే ఏమంటాడో అని. కూలోళ్లలో ఒకడు ఎగతాళిగా నవ్వినా ఆ పొద్దు ఇంక కాయ ముట్టబుద్ధి అయ్యేది కాదు" అంది. పదిహేను, పదహారు వచనాలు మళ్లీ చదవమంది. ఆమెను అవమానపరచవద్దు, కట్టల్లోంచి కావాలనే కొంత లాగి పడేయండి అని బోయజు పనివాళ్లకు చెప్పేది అక్కడే. "తిండి పెట్టినోళ్లు ఉంటారు గానీ, సిగ్గు పడకుండా పెట్టినోళ్లు ఎంతమంది?" అని అందరినీ చూసింది. ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి ఒకమ్మాయి ద్వితీయోపదేశకాండము 24:19 తీసింది. పొలంలో మరిచిపోయిన పన (కోసిన పంట కట్ట) పరదేశికి, తండ్రిలేనివారికి, విధవరాలికి వదిలేయాలన్న ఆజ్ఞ. రూతు పరదేశి, విధవరాలు కూడా. ఆ గంటంతా ఆ గుంపు అక్కడే ఉండిపోయింది. ఏ ప్రసంగంలోనూ నాకు ఆ అధ్యాయం అంత దగ్గరగా రాలేదు.

అందుకే చదువు రానివాళ్లను వెనక వరసలో కూర్చోబెట్టకండి. చదవగలిగిన ఒకరిని వాళ్లకు జతగా వేయండి, ఫోన్లో ఆడియో బైబిల్ కూడా పెట్టుకోవచ్చు. మన సంఘాల్లో వాడే పాత అనువాదం గ్రాంథిక భాషలో ఉంటుంది కాబట్టి, కొత్తవాళ్ల కోసం వాడుక భాషలో ఉన్న బైబిళ్లు కొన్ని ఉంచండి. మా వైపు తమిళం చదివే అక్కలు ఉంటారు, వాళ్లు తమ బైబిలే తెచ్చుకుంటారు. ఏ ఇబ్బందీ రాలేదు.

వివరణ అవసరమైన చోట్లు ఉన్నాయి. మూడో అధ్యాయంలో రాత్రిపూట కళ్లం దగ్గరికి రూతు వెళ్లడం, నాలుగో అధ్యాయంలో చెప్పు తీసి ఇవ్వడం చదవగానే ఎవరికీ అర్థం కావు. దగ్గరి బంధువు భూమిని విడిపించే ధర్మం లేవీయకాండము 25లో ఉంది, చనిపోయిన అన్న పేరు నిలబెట్టే ధర్మం ద్వితీయోపదేశకాండము 25లో ఉంది. మీ పాస్టరమ్మగారు పావుగంటలో ఇవి చెబితే సరిపోతుంది. ఇబ్బందిగా ఉందని మూడో అధ్యాయం దాటేయకండి. గుంపు లీడర్లు ఒక వారం ముందే కూర్చుని మొత్తం చదువుకుంటే అక్కడ తడబడరు.

ఇంకో సంగతి కాస్త జాగ్రత్తగా చూడాలి. రూతు అత్త నయోమి భర్తను, ఇద్దరు కొడుకులను పోగొట్టుకున్న మనిషి. వచ్చినవాళ్లలో అలాంటి దుఃఖం ఉన్నవాళ్లు తప్పకుండా ఉంటారు. సాక్ష్యం చెప్పమని ఎవరినీ బలవంతపెట్టకండి. దేవుడు తనకు చేదు చేశాడని నయోమి నోరు తెరిచి అంది, బైబిల్ ఆ మాటను దాచలేదు. ఎవరైనా ఏడిస్తే వెంటనే వచనం చెప్పి ఓదార్చాలని తొందరపడొద్దు, పక్కన కూర్చుంటే చాలు. గుంపులో విన్నది గుంపు దాటకూడదు. ఫేస్‌బుక్ లైవ్, వీడియో అసలే వద్దు. అత్తాకోడళ్లు ఇద్దరూ వస్తే వేర్వేరు గుంపుల్లో వేయండి, ఈ పుస్తకానికి అది మరీ ముఖ్యం!

తేదీ విషయానికొస్తే, రెండో శనివారం అయితే ఉద్యోగాలు చేసేవాళ్లకు వీలవుతుంది. బ్రహ్మోత్సవాల రోజుల్లో తిరుపతి బస్సులు కిటకిటలాడతాయి, అప్పుడు వద్దు. పల్లెల నుంచి వచ్చేవాళ్లుంటే జూన్, జూలై కూడా వద్దు, మామిడికాయల కూలి వదులుకుని రమ్మనడం న్యాయం కాదు. ఆవులున్నవాళ్లు సాయంత్రం పాలు పితికే వేళకు ఇల్లు చేరాలి కాబట్టి రాత్రి బస పెట్టకుండా పది నుంచి నాలుగు వరకే పెట్టండి. వంట సంఘంలోని మగవాళ్లకు అప్పజెప్పండి. సాంబారన్నం, పెరుగన్నం చాలు. బిరియానీ అంటే సగంమంది ఆడవాళ్లు మళ్లీ పొయ్యి దగ్గరే ఉంటారు. పిల్లలను సండేస్కూల్ టీచర్లు చూసుకుంటే తల్లులు కుదురుగా కూర్చుంటారు. మైకు అవసరం లేదు.

ఆడవాళ్లే ఆడవాళ్లకు వాక్యం చెప్పడమేంటని మీ దగ్గర ఎవరైనా పెద్దలు అంటే, ఇది కొత్త పద్ధతి కాదని నెమ్మదిగా చెప్పండి. మన చిత్తూరు ప్రాంతంలో అమెరికన్ మిషనరీలైన స్కడర్ అన్నదమ్ములు 1853లో మొదలుపెట్టిన ఆర్కాట్ మిషన్ పనిచేసింది. వెల్లూరు సీఎంసీ ఆస్పత్రి స్థాపించిన ఐడా స్కడర్ ఆ కుటుంబమే. ఆ రోజుల్లో మిషన్ల తరఫున బైబిల్ స్త్రీలు ఇల్లిల్లూ తిరిగి, గడప దాటి రాలేని ఆడవాళ్లకు వాక్యం చదివి వినిపించేవాళ్లు.

ఆదివారం చివర్లో మత్తయి మొదటి అధ్యాయం తెరిపించండి. అందులోని యేసు వంశావళి చదవకుండా దాటేసేవాళ్లే ఎక్కువ. రూతు గ్రంథం పూర్తిచేసి వచ్చినవాళ్లకు అయిదో వచనంలో ఆమె పేరు కనబడుతుంది. దాని గురించి మీరేమీ చెప్పనక్కర్లేదు, వాళ్లే మాట్లాడతారు.

తర్వాత ఏం చదవాలో అక్కడే నిర్ణయించుకోండి. నేనైతే ఫిలిప్పీయులకు రాసిన పత్రిక అంటాను, నాలుగు అధ్యాయాలు, వారానికి ఒకటి. ముందు అపొస్తలుల కార్యములు 16 చదవండి, ఫిలిప్పీలో పౌలు మొదట మాట్లాడింది నది ఒడ్డున కూడుకున్న స్త్రీలతోనే. ఏ రోజు, ఎవరింట్లో అన్నది ఆదివారం అందరూ లేచేలోపే రాసుకోండి, వాట్సాప్‌లో చూద్దామంటే వారాలు గడిచిపోతాయి.