నెమరు వేసే గేదె దగ్గర కూర్చుంటే తెలిసే సంగతులు

జంతువులు ఉన్నదానితో తృప్తిగా బతుకుతుంటే మనిషికి మాత్రం ఎంత ఉన్నా ఎందుకు చాలదు, వాటి నుంచి మనం నేర్చుకోదగినది ఏమిటి, నగరంలో ఫ్లాట్‌లో ఉండేవాళ్లు ఒక కుక్కను పెంచుకుంటే ఆ గుణం కొంతైనా అలవడుతుందా అని మీరు అడిగారు. తెనాలి ప్రాంతంలోని ఒక పల్లెకు కోడలిగా వచ్చిన నాటి నుంచి నా రోజులో సగం గేదెల దగ్గరే గడుస్తోంది కాబట్టి, ప్రధానంగా నాకు బాగా తెలిసిన ఆ ఒక్క జంతువును పట్టుకునే సమాధానం చెబుతాను. నేను గమనించినంతలో గేదె తృప్తికి వైరాగ్యంతో సంబంధం లేదు. అవసరం తీరిందన్న సంగతి దాని ఒంటికి తెలుస్తుంది, తెలిశాక ఆ తీరిన అవసరాన్ని ఒంటబట్టించుకోవడానికి అది కావలసినంత సమయం తీసుకుంటుంది. మనం నేర్చుకోవలసినది ఈ రెండో భాగమేనని నా నమ్మకం.

సాయంత్రం పాలు తీయడం అయ్యాక గాడిలో పచ్చజొన్న, దాని మీద కొంత వరిగడ్డి వేస్తాం. ఆకలి మీద ఉన్న గేదెను చూస్తే ఎవరికీ తృప్తి అన్న మాట గుర్తుకు రాదు. నాలుకతో గడ్డిని చుట్టి లాగి, నమిలీ నమలకుండా మింగుతుంది; తన ముందు నిండుగా ఉన్నా మెడ సాచి పక్కదాని గాడిలో మూతి పెడుతుంది; పక్కది కొమ్ము విసిరితే వెనక్కి తగ్గి, మరో నిమిషానికి మళ్లీ అదే పని చేస్తుంది. కొంతసేపటికి, గాడిలో ఇంకా మేత ఉండగానే, మూతి పక్కకు తిప్పేస్తుంది. ముందుకాళ్లు మడిచి, ఆ తరువాత వెనకభాగాన్ని దించి, ఒక పెద్ద నిట్టూర్పుతో పడుకుంటుంది. ఇంకాసేపు ఆగితే మెడ కింద ఒక ఉండ కిందినుంచి పైకి పాకడం స్పష్టంగా కనబడుతుంది. దవడ ఉబ్బుతుంది, కింది దవడ అడ్డంగా కదలడం మొదలవుతుంది, సుమారు ఒక నిమిషం పాటు అదే లయలో నమిలి మింగుతుంది, కొన్ని క్షణాలు ఊరకుంటుంది, మళ్లీ ఇంకో ఉండ పైకి వస్తుంది. కళ్లు సగం మూసి ఉంటాయి, చెవులు మాత్రం ఈగలను తోలుతూనే ఉంటాయి.

పెళ్లయిన కొత్తలో, పేడ ఎత్తడానికి అడ్డంగా ఉందని పడుకున్న గేదెను అదిలించబోతే మా అత్తగారు, "అమ్మాయ్, నెమరేసే గొడ్డును లేపకూడదు, దాని తిండి ఇంకా అవలేదు" అన్నారు. ఆవిడ చెప్పినది అక్షరాలా నిజమని తరువాత పశువైద్యులు వివరించినప్పుడు అర్థమైంది. ఆవు, గేదెల పొట్టలో నాలుగు గదులు ఉంటాయి. గబగబా మింగిన గడ్డి మొదటి గదిలో నాని, అక్కడి సూక్ష్మజీవుల వల్ల పులిసి, తిరిగి నోటిలోకి వచ్చి నలిగితే తప్ప అది పశువుకు పూర్తిగా ఆహారం కాదు. రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటల దాకా ఈ పనికే పోతుంది. బెదిరినా, ఒంట్లో బాగా లేకపోయినా మొదట తగ్గేది నెమరే, అందువల్లనే వైద్యుడు వచ్చీ రాగానే "నెమరేస్తోందా?" అని అడుగుతాడు. మేతా, పడుకునే అవకాశమూ రెండూ కొన్ని గంటలు అందకుండా చేసి వదిలిపెడితే ఆవులు మేత కంటే ముందు పడుకోవడానికే మొగ్గు చూపుతాయని పాడిపశువుల ప్రవర్తనను పరిశీలించినవారు కూడా గమనించారు.

మన జీవితాల్లో పూర్తిగా కొట్టివేయబడింది ఈ విరామమే. మా అబ్బాయి పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజును ఉదాహరణగా చెబుతాను. మంచి మార్కులే వచ్చాయి, వాడు నోట్లో పెట్టుకున్న స్వీటు ఇంకా కరగక ముందే బంధువుల నుంచి "ఇంటర్ ఎక్కడ చేర్పిస్తున్నారు, ఎంపీసీయా బైపీసీయా?" అని ఫోన్లు మొదలయ్యాయి, సాయంత్రానికి ఎవరో నంబరు సంపాదించి కాలేజీల తరపున కూడా మాట్లాడారు. ఏడాది పొడుగునా కష్టపడి సాధించినది ఆ పిల్లవాడి ఒంటికి అంటనే లేదు. ధాన్యం డబ్బు చేతికి వచ్చిన రాత్రే పక్క చేను కౌలుకు తీసుకునే లెక్కలు మొదలుపెట్టే ఇళ్లలోనూ, జీతం పెరిగిన వారమే ఇంకా పెద్ద ఈఎంఐకి సంతకం పెట్టే ఇళ్లలోనూ జరుగుతున్నది ఇదే. మనకు అత్యాశ ఎక్కువైందని పెద్దలు మందలిస్తారు గాని, మింగడం వెంట మింగడమే తప్ప నమలడానికి వ్యవధి లేకపోవడమే అసలు లోపమని నాకు అనిపిస్తుంది. అందుకే మా ఇంట్లో ఇప్పుడు ఏ మంచి వార్త వచ్చినా, కొన్నాళ్ల పాటు "తరువాత ఏమిటి?" అన్న ప్రశ్న ఎవరూ అడగరాదన్న కట్టడి పెట్టుకున్నాం. అది పిల్లల మీద చూపిన ప్రభావం నాకు కనబడుతోంది.

అయితే గేదెకు "చాలు" అనే తెలివి అన్ని వేళలా ఉంటుందని అనుకోవడం పొరపాటు. మా వీధిలో ఒక ఇంట పెళ్లి అయిన రాత్రి, పలుపు తెంపుకున్న గేదె ఒకటి గంగాళంలో మిగిలిన అన్నాన్ని అడుగంటా తినేసింది. తెల్లారేసరికి పొట్ట బిగదీసుకుపోయి, నెమరు ఆగిపోయి, లేవలేని స్థితికి వచ్చింది. వైద్యుడు వంటసోడా కలిపిన నీళ్లు పట్టించి, సెలైన్ ఎక్కించి ఎంతో కష్టం మీద బతికించాడు గాని, ఆ ఈతకు దాని పాలు మళ్లీ కోలుకోలేదు. అన్నంలోని పిండిపదార్థం మొదటి గదిలో మరీ వేగంగా పులిసి ఆమ్లంగా మారుతుంది, మోతాదు మించితే ప్రాణం మీదికి వస్తుంది. గడ్డి ముందు ఎంతో నిగ్రహంగా మూతి తిప్పుకున్న జంతువే అన్నం ముందు ఆగలేకపోయింది, ఎందుకంటే దాని ఆకలికి హద్దు పీచుతో నిండిన మేతకు అనుగుణంగా ఏర్పడింది, వండిన బియ్యానికి అనుగుణంగా కాదు. అంటే తృప్తి కేవలం ప్రాణి సుగుణం మీద ఆధారపడి ఉండదు, దాని ముందు ఏమి పెట్టారన్నదాని మీద కూడా ఆధారపడి ఉంటుంది. ఎంత తిన్నా చాలదనిపించేలా తయారుచేసిన తినుబండారాల ముందూ, ఎక్కడా అంతం లేకుండా జరిగే వీడియోల ముందూ కూర్చుని "నాకు నిగ్రహం లేదు" అని తమను తాము తిట్టుకునేవారిని చూసినప్పుడు నాకు ఆ గంగాళమే గుర్తుకు వస్తుంది. గేదెకు నీతిబోధ చేస్తే ఉపయోగం ఉండదు, పలుపు గట్టిదో కాదో చూసుకోవాలి, గంగాళం మీద మూత పెట్టాలి.

అసూయ కూడా మనిషి ఒక్కడి సొత్తు కాదు. 2003లో సారా బ్రాస్నన్, ఫ్రాన్స్ డి వాల్ అనే పరిశోధకులు కాపుచిన్ కోతులతో చేసిన ప్రయోగాన్ని ప్రచురించారు. ఒకే పనికి ప్రతిఫలంగా రెండు కోతులకూ దోసకాయ ముక్క ఇచ్చినంతకాలం అవి సంతోషంగానే తీసుకున్నాయి. పక్కదానికి ద్రాక్షపండు ఇవ్వడం కళ్లారా చూశాక, దోసకాయ అందుకున్న కోతి చాలాసార్లు దాన్ని నిరాకరించింది. పక్క గాడిలో మూతి పెట్టే మా గేదెను రోజూ చూసే నాకు ఇందులో ఆశ్చర్యం కలగలేదు. తేడా ఎక్కడ ఉందంటే, గేదెకు కనబడేది పక్క గాడి ఒక్కటే, అదీ కడుపు నిండేంత వరకే. మనకు మాత్రం ఎన్నడూ ముఖం చూడనివారి ఇళ్లూ కార్లూ విదేశీ ప్రయాణాలూ, కడుపు నిండిన తరువాత కూడా, పడుకునే దాకా కళ్ల ముందు తిరుగుతూనే ఉంటాయి.

జంతువులు వర్తమానంలోనే బతుకుతాయి, వాటికి గతం లేదు, దుఃఖం లేదు అని కొందరు వేదాంత ధోరణిలో చెబుతుంటారు. పశువులను పెంచినవారెవరూ ఆ మాట ఒప్పుకోరు. సూది వేసిన వైద్యుణ్ణి గేదె గుర్తుపెట్టుకుంటుంది, అతని బండి చప్పుడు వింటేనే గుంజ చుట్టూ తిరుగుతుంది. దూడ చనిపోతే రోజుల తరబడి అరుస్తుంది, మేత ముట్టదు. మన భాగవతం కూడా జంతువులను అలా ఆకాశానికి ఎత్తలేదు. ఏకాదశ స్కంధంలో యదువుకు తన ఇరవై నాలుగు మంది గురువుల గురించి చెప్పిన అవధూత, దొరికినదానితో తృప్తిపడి కదలకుండా ఉండడాన్ని కొండచిలువ నుంచి నేర్చుకున్నాడు; ఆ వరుసలోనే రుచికి లొంగి గాలానికి చిక్కిన చేపనూ, పాటకు మోహపడి వలలో పడిన లేడినీ, మోహంతో గోతిలో పడిన ఏనుగునూ చూసి ఏమి చేయరాదో నేర్చుకున్నాడు. ఏ జంతువు నుంచి ఏది తీసుకోవాలో, ఏది వదిలిపెట్టాలో ఆయన విచక్షణతో చూశాడు. నేటి ఉపన్యాసాల్లో ఆ విచక్షణ కరువైంది.

ఇక నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే విషయం. గేదె ఊరికే తృప్తిగా ఉండదు, అలా ఉండడానికి దానికి కొన్ని అమరాలి. దాని నల్లని తోలుకు వేడి త్వరగా పడుతుంది, చెమట గ్రంథులు ఆవుకంటే చాలా తక్కువ. వేసవిలో చెరువో, నీళ్ల గుంటో, కనీసం ఒంటి మీద నాలుగు బకెట్ల నీళ్లో లేకపోతే అది రొప్పుతూ నిలబడుతుందే గాని పడుకుని నెమరు వేయదు. పాలు చేపడం కూడా అంతే. దూడ మూతితో పొడిచి చన్ను అందుకున్నాక, తెలిసిన చేయి పొదుగును నిమిరాక, పశువు మెదడు నుంచి ఆక్సిటోసిన్ అనే హార్మోన్ విడుదలై పాలు పొదుగు నుంచి దిగుతాయి, చేపడమంటే అదే. కొత్త మనిషి వచ్చినా, కుక్క మొరిగినా, ఎవరైనా కర్ర ఎత్తినా భయంతో అడ్రినలిన్ అనే మరో హార్మోన్ విడుదలై, దిగుతున్న పాలు అక్కడికక్కడ ఆగిపోతాయి. ఎగచేపిందంటాం దాన్నే. పొదుగు నిండా పాలు ఉంటాయి, కాని చెంబులోకి చుక్క రాదు. ఆ స్థితిలో కొందరు ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ పొడిచి పాలు లాగుతారు, అది చూసినప్పుడల్లా నాకు మనసు వికలమవుతుంది. మా అత్తగారు మాత్రం అందరినీ పాక నుంచి బయటికి పంపి, దూడను మళ్లీ విడిచి, గేదె మెడ గోకుతూ నిలబడేవారు. అది చేపే దాకా ఆవిడకు తొందర ఉండేది కాదు.

బ్రిటన్‌లో పెంపుడు పశువుల స్థితిగతులను పరిశీలించిన బ్రాంబెల్ కమిటీ 1965లో ఇచ్చిన నివేదికలో, పశువు లేవగలగాలి, పడుకోగలగాలి, ఇటూ అటూ తిరగగలగాలి, ఒళ్లు నాక్కోగలగాలి, కాళ్లు చాపుకోగలగాలి అని పేర్కొంది. 1979లో వాటికి అయిదు స్వేచ్ఛల రూపం వచ్చింది: ఆకలిదప్పులు లేకపోవడం, అసౌకర్యం లేకపోవడం, నొప్పీ గాయమూ జబ్బూ లేకపోవడం, భయమూ ఆందోళనా లేకపోవడం, తన జాతి సహజంగా చేసే పనులు చేసుకోగలగడం. పశువుకే ఇన్ని కావాలని లోకం ఒప్పుకున్నప్పుడు, కూలి సరిగా అందని మనిషితోనో, ఇంటిచాకిరీలో నడుము వాల్చే వ్యవధి దొరకని ఆడమనిషితోనో "నోరులేని జీవాలను చూడు, ఎంత తృప్తిగా ఉన్నాయో" అనడం అన్యాయం. గాడి ఖాళీగా ఉంటే నోరులేని ఆ జీవమే ఊరంతా వినబడేలా అరుస్తుంది. తృప్తి పాఠం అవసరం తీరినవారికి వర్తిస్తుంది, తీరనివారికి ముందు అవసరం తీరాలి.

మీరు అడిగిన కుక్క సంగతికి వస్తే, మీ మనశ్శాంతి కోసం మాత్రమే దాన్ని తెచ్చుకోవద్దని చెబుతాను. మీ ఇంట్లో అందరూ ఉదయం వెళ్లి రాత్రికి వచ్చేవారైతే, తాళం వేసిన ఫ్లాట్‌లో అది రోజంతా తలుపు వైపు చూస్తూ, చెప్పులు కొరుకుతూ, తన ఒంటిని తానే నాక్కుని పుండ్లు చేసుకుంటూ గడిపే అవకాశం ఎక్కువ. ఇంట్లో పెద్దవాళ్లు ఎవరైనా ఉండి, పూటకొకసారి బయట తిప్పడానికి మీలో ఒకరికి వీలుంటే అప్పుడు ఆలోచించండి. అంతవరకు, పండక్కి ఊరు వెళ్లినప్పుడు పాడి ఉన్న ఇంటివాళ్లను అడిగి, సాయంత్రం మేత వేసే వేళకు పాక దగ్గర ఒక గంట కూర్చోండి. ఫోను ఇంట్లోనే పెట్టి వెళ్లండి. కొత్తవారు కాబట్టి గేదె వెనక కాళ్ల దగ్గర నిలబడవద్దు, దానికి కనబడేలా ముందువైపు కాస్త ఎడంగా కూర్చోండి. మిమ్మల్ని చూసి అది కాసేపు నమలడం ఆపుతుంది, మీ వల్ల ప్రమాదం లేదని తెలిశాక మళ్లీ మొదలుపెడుతుంది.